పీటముడి ఫైళ్లు

మొన్న మా ఊళ్లో ఇంటికి రంగులు వేయించాను. సోమందేపల్లిలో బస్సు దిగి రెండు మైళ్లు నడిస్తే వచ్చే ఊరు మాది. నడవలో నిచ్చెన వేసుకున్న పెయింటరు గోడవైపు చూపించి అడిగాడు.

"సార్, ఈ కొయ్యలు రెండూ పీకేసేదా, ఉండనిచ్చేదా?"

మనిషి ఎత్తున, మూరెడు ఎడంతో గోడకు దిగ్గొట్టిన టేకు కొయ్యలవి. ఇన్నేళ్లలో వాటిమీద తడి తువ్వాళ్లు తప్ప మరొకటి ఎక్కలేదు. కొట్టించింది మాత్రం తువ్వాళ్లకోసం కాదు, తుపాకీకోసం.

"ఉండనీప్పా, అవేమి చేస్తాండాయి నిన్ను" అన్నాడు మంచం మీదనుంచి మా నాయన. పక్కన కుర్చీలో నంజప్ప చిన్నాయన వక్క నములుతూ కూర్చున్నాడు. ఆయన మా పక్క చేను ఆసామి, వరసకు నాయనకు తమ్ముడు. పొద్దున్నే వచ్చి మధ్యాహ్నం సంగటి వేళదాకా మా నడవలోనే కూర్చోవడం ఆయనకు అలవాటు.

ఆ కొయ్యల్ని చూసినప్పుడల్లా నాకొక గుమాస్తా గుర్తొస్తాడు. ఈసారి ఇంకొంచెం గట్టిగా గుర్తొచ్చాడు. దానికి కారణం, అంతకు రెండు రోజుల ముందు హిందూపురం బస్టాండులో ఆయన ఆఫీసులో పనిచేసిన బంట్రోతు కనిపించి, "సారు పోయి ఆరు నెలలాయె, నీకు తెలీదా?" అనడం. నాకు తెలీదు. పేపర్లకు వార్తలు రాసి బతికిన నాకు ఆ ఒక్క వార్త అందలేదు.

ఆయన పేరు ఇక్కడ రాయను. బతికి ఉండగా ఒకసారి ఆయన గురించి రాసి నేను చేసిన నిర్వాకం చాలు.

పెనుకొండలో ఒక సర్కారు ఆఫీసు. మా చుట్టుపక్కల ఊళ్ల తుపాకీ లైసెన్సు అర్జీలు పైకి పోవాలంటే ఆయన బల్లమీదుగా పోవాలి. పోవాలి అంటున్నాను గానీ, అవి పోయేవి కావు. ఆయనది ధర్మవరం. మగ్గం ఉన్న ఇంట్లో పుట్టిన మనిషి. రోజూ ప్యాసింజరు బండిలో వచ్చి, సాయంత్రం ప్యాసింజరులోనే పోయేవాడు. బక్కపలుచని మనిషి. పెనుకొండ కొండ కుంపటిలా కాగే మే నెలలో కూడా పూర్తి చేతుల చొక్కా వేసి, మణికట్టు దగ్గర గుండీలు పెట్టుకునేవాడు. కళ్లజోడు ఒక కాడ విరిగితే పట్టుదారం కట్టుకున్నాడు. ఆ ముడి ఎంత నేర్పుగా ఉండేదంటే, దగ్గరికి పోయి చూస్తే తప్ప విరిగిందని తెలిసేది కాదు.

ముడులే ఆయన విద్య. పింఛనుకోసం వచ్చిన ముసలామె కాగితాలో, కాలేజీ పిల్లల సర్టిఫికెట్లో అయితే జారుముడి వేసేవాడు. ఒక్క లాగుకు ఊడొచ్చేది. వాళ్ల పని కూడా అట్లే, సాయంత్రం బండి వేళకల్లా అయిపోయేది. "ఎండనబడి వచ్చినావు, కూచో అవ్వా, మళ్లీ యాడ తిరుగుతావు" అని తన స్టూలు ఇచ్చి, తాను నిలబడి రాయడం నేను కళ్లారా చూశాను. అదే తుపాకీ ఫైలైతే పీటముడి. వేసేదీ ఆయనే, విప్పలేక తిప్పలు పడేదీ ఆయనే. ఎదురుగా ఆసామి నిలబడి ఉండగా, వంగి, గోళ్లతో గీరుతూ, పళ్లతో కొరుకుతూ, ఒక్కోసారి పావుగంట. బ్లేడుతో కోసేయొచ్చు కదా అని ఎవరైనా అంటే తలెత్తి చూసేవాడు.

"సర్కారు తాడప్పా. కోసేదానికి లేదు."

ఇంకొక విడ్డూరం టీ. ఎవరు ఇప్పించినా మొహమాటం లేకుండా తాగేవాడు, సాసర్లో పోసుకుని, చప్పుడు చేస్తూ. తుపాకీ అర్జీదార్ల టీ మాత్రం ముట్టేవాడు కాదు. "మీ పని కానీ. అప్పుడు తాగుదాం" అనేవాడు. వాళ్లలో ఎవరి పనీ అయింది లేదు, ఆయన తాగిందీ లేదు.

తొంభైల నడిమి సంవత్సరాల సంగతి ఇది. మా వైపు తుపాకీ అంటే అప్పుడు పరువు. జీపు వెనక సీట్లో తుపాకీ పట్టుకున్న మనిషి కూర్చుంటే ముందు సీట్లో ఉన్నవాడు పెద్దమనిషి. పెండ్లి సంబంధాలు మాట్లాడేటప్పుడు ఎకరాలు, బోర్లు చెప్పాక "లైసెన్సు తుపాకీ కూడా ఉండాది" అని చివర్లో అనేవాళ్లు. హిందూపురంలో మేం రోజూ చేరే హోటల్లో ఇదే వాదన. హోటలు యజమాని గల్లా దగ్గర కూర్చుని తీర్పు చెప్పేవాడు. "ఇంటికొకటి ఇయ్యల్ల. అందరి దగ్గరా ఉంటే ఎవురూ ఎవురి జోలికీ పోరు." రిటైరైన అయ్యవారు ఒకాయన, "అందరి దగ్గరా ఉంటే అందరికీ భయమే కదప్పా" అని గొణిగేవాడు. ఆయన్ని పట్టించుకున్నవాళ్లం కాదు. నేను హోటలాయన పార్టీ. అప్పుడు నాకు ముప్పై ఏళ్లు, చేతిలో పేపరు కార్డు, జేబులో రెండు పెన్నులు. నాకు తెలియనిది లేదనుకునేవాణ్ణి.

మా నాయనకు తుపాకీ ఎందుకు కావలసి వచ్చిందంటే, అర్జీలో రాసింది అడివి పందులు. చెనక్కాయ చేన్లను పందులు తవ్వి పారేస్తున్నాయని. అబద్ధం కాదు, పందులు వచ్చేవి. కానీ అసలు కారణం గట్టుకు అవతల ఉండేవాడు. నంజప్ప చిన్నాయనకూ మాకూ బోరుబావి తగాదా. ఆయన బోరు ఆడితే మా బోరు ఎండుతుంది, మా బోరు ఆడితే ఆయనది ఎండుతుంది. రెండు కుటుంబాలకూ మాటలు లేవు. ఒక పెద్ద మాట అనుకుంటే మిగిలేది కొట్టుకోవడమే అన్నట్టు ఉండేది.

మొదటిసారి నాయన్ను పెనుకొండకు పిలుచుకుపోయింది నేనే. గుమాస్తా అర్జీ మొత్తం చదివి, కళ్లజోడు పైకి తోసుకున్నాడు.

"ఎన్ని పందులప్పా?"

"ఏమి లెక్క సామీ, మందలు మందలు" అన్నాడు నాయన.

"ఏ పక్కనుంచి వస్తాయి?"

నాయన ఆలోచించకుండా, "నంజప్ప చేను పక్కనుంచి" అన్నాడు.

గుమాస్తా పెన్సిలుతో ఆ పేరు అర్జీ అంచున రాసుకున్నాడు. పందుల పేరు కాకుండా మనిషి పేరు ఎందుకు రాసుకున్నాడో అప్పుడు నాకు తట్టలేదు. "మంగళవారం రాండి" అని తాడు తీసుకుని, పీటముడి మొదలుపెట్టాడు.

ఆ మంగళవారాలు ఎన్ని అయ్యాయో చెప్పలేను. మేం ఇంకా కరణమనే పిలిచే ఊరి అధికారి దగ్గర పందులు తిరుగుతున్నాయని రాయించుకు రమ్మన్నాడు. తెస్తే, అవి ఏ నెలల్లో తిరుగుతాయో అందులో లేదన్నాడు. కంటి డాక్టరు కాగితం కావాలన్నాడు. హిందూపురం డాక్టరు చూసి, ఎడమ కంట్లో పొర మొదలైందని రాసిచ్చాడు. "గురి చూసేది ఏ కంటితో?" అని గుమాస్తా అడిగితే నాయన గుడ్లురిమి చూశాడు. నేను మధ్యలో దూరి కొత్త కళ్లజోడు వేయిస్తామన్నాను. "వేయించండి. ఆ కళ్లజోడుతో చూపెంతో ఇంకొక కాగితం కావల్ల."

ఇంకోవైపు మా నాయన తొందర మా నాయనది. లైసెన్సు రాకముందే వడ్రంగిని పిలిచి కొయ్యలు కొట్టించాడు. బెంగళూరు పోయిన బంధువుతో తూటాల బెల్టు తెప్పించాడు. అది తోలుది, ఎర్రగా మెరిసేది. తూటాలు లేవు కాబట్టి ఆ గూళ్లలో బీడీ కట్టలు పెట్టుకునేవాడు. అమ్మ నవ్వితే రెండు రోజులు ఆమెతో మాట్లాడలేదు.

ఆ ఏడు చలికాలంలో ఒక ఘోరం జరిగింది. మా వైపే ఒక ఊళ్లో కిరాణా అంగడి నడిపే మనిషి, తనకు ప్రాణభయం ఉందని తుపాకీకి అర్జీ పెట్టుకున్నాడు. అతని ఫైలు కూడా అదే బల్లమీద ఉంది. సంతనుంచి వస్తుండగా దారికాసి చంపేశారు. నేను ఆ ఊరికి పోయి వచ్చాను. ఆయన భార్య మాటా పలుకూ లేకుండా అంగడి మెట్లమీద కూర్చుని ఉంది. నా ఒళ్లు మండిపోయింది. ఆ కోపంతోనే వార్త రాశాను. రక్షణ అడిగినవాడికి తిప్పలే గతా అని. గుమాస్తా పేరు రాయలేదు గానీ ఆ సీటు రాశాను. ఆ సీట్లో ఉన్నది ఆయన ఒక్కడే. కింద మా నాయన మంగళవారాల కథ కూడా, పేరు లేకుండా, రెండు పేరాలు అతికించాను. సొంత పని కూడా అవుతుందని లోపల ఆశ ఉందని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను.

వార్త పెద్దగా వచ్చింది. ఆయనకు పైనుంచి సంజాయిషీ నోటీసు వచ్చిందని బంట్రోతు చెప్పాడు. ఇక ఫైలు పరుగెత్తుతుందని నాయన్ను తీసుకుని ఠీవిగా పోయాను.

ఆయన నన్ను చూసి కోప్పడలేదు. ముడి విప్పడం మొదలుపెట్టాడు. అప్పుడు గమనించాను, ఆ తాడులో మాది కాక ఇంకొక ఫైలు కూడా ఉంది. నా చూపు దానిమీద పడగానే బోర్లా తిప్పి మోచేయి పెట్టుకున్నాడు. మా ఫైలు తెరిచాడు. లోపల అన్నిటికంటే పైన నా వార్త, చక్కగా కత్తిరించి, తెల్లకాగితానికి అతికించి ఉంది.

"నువ్వు రాసిందే కదా?" అన్నాడు.

"నేనే."

"బాగుండాది. ఇది ఫిర్యాదు కింద లెక్క. ఫిర్యాదు ఉండే ఫైలు కదిలించేదానికి లేదు. నా సంజాయిషీ పైకి పోవల్ల, వాళ్లు చూడల్ల, జవాబు రావల్ల. అంతదాకా మీరు రావద్దు. నేనే జాబు రాస్తా."

నాయన నా వైపు చూసిన చూపు ఇప్పటికీ మరిచిపోలేదు. బస్సులో సోమందేపల్లిదాకా ఒక్క మాట లేదు. దిగాక, "ఇంకొకటి రాయి, బెల్టు కూడా గుంజుకుంటారు" అన్నాడు.

జాబు ఉగాదికీ రాలేదు. ఎండలు ముదిరాయి. ఆ వేసవిలోనే నంజప్ప చిన్నాయన రిగ్గు బండి తెప్పించి, గట్టు పక్కనే ఉన్న తన బోరును ఇంకా లోతుకు దించాడు. మూడో రోజుకు మా బోరు గాలి కక్కింది. మల్బరీ తోట కళ్లముందే వాడిపోతోంది. నాయన పోయి ఆయన మోటారు తీగలు కోసేశాడు. మధ్యాహ్నం భోజనాల వేళ చిన్నాయన గడ్డపార పట్టుకుని మా వాకిట్లోకి వచ్చాడు. వెనకాల ఇద్దరు మనుషులు. "బయటికి రారా" అన్నాడు. అన్నదమ్ముల వరసలో అనకూడని మాటలు ఇంకొన్ని అన్నాడు.

నాయన కంచం ముందునుంచి లేచాడు. ఎంగిలి చేత్తోనే. నేను నడవలో ఉన్నాను. ఆయన బయటికి పోలేదు, లోపలికి తిరిగాడు. గోడ దగ్గరికి మూడడుగుల్లో పోయాడు. రెండు చేతులూ ఎత్తి కొయ్యల మధ్య పట్టుకున్నాడు.

చేతికి తగిలింది తడి తువ్వాలు. అమ్మ పొద్దున ఉతికి ఆరేసింది.

ఆ తువ్వాలు పట్టుకుని ఆయన అట్లే నిలబడిపోయాడు. తనకు తుపాకీ లేదన్న సంగతి అప్పుడే గుర్తొచ్చినట్టు గోడవైపు చూశాడు. తర్వాత ఆ తువ్వాలుతో ఎంగిలి చేయి తుడుచుకున్నాడు. మొహం తుడుచుకున్నాడు. నడవలో కూలబడ్డాడు. బయట చిన్నాయన గొంతు పోయేలా అరిచి, ఎవరూ రాకపోయేసరికి మా ఖాళీ తొట్టిని గడ్డపారతో ఒక్క పోటు పొడిచి వెళ్లిపోయాడు.

తుపాకీ ఉంటే ఏమయ్యేదో నాకు స్పష్టంగా కనబడింది. చిన్నాయన వాకిట్లో పడేవాడు, నాయన జైలుకు పోయేవాడు, తర్వాత వాళ్ల వాళ్లు నాకోసం వచ్చేవాళ్లు. దాన్ని తెప్పించాలని పేపర్లో రాసింది నేను. తెప్పించకుండా ఆపింది కూడా ఆ రాతే. ఆ పూట నాకు కలిగిన ఊరట అంతా ఇంతా కాదు. గోడకు ఆనుకుని, ఎవరికీ కనబడకుండా ఏడ్చాను.

నాయన మళ్లీ లైసెన్సు మాట ఎత్తలేదు. పెనుకొండనుంచి జాబు కూడా రాలేదు.

తర్వాత కాలం మారింది. ఎవరో పెద్దమనిషి చెబితే మారింది కాదు. ఎలక్షన్లు వచ్చినప్పుడల్లా లైసెన్సు తుపాకులన్నీ స్టేషన్లో అప్పగించాలి. మొదట్లో ఫలితాలు వచ్చిన మర్నాడే వరసలో నిలబడి తెచ్చుకునేవాళ్లు. పోనుపోను, ఆడనే ఉండనీలే అనడం మొదలైంది. కొడుకులు బెంగళూరులో పనులకు కుదిరారు, తుపాకీ ఉన్న ఇంటికి పిల్లనిచ్చేదానికి జంకేవాళ్లు వచ్చారు. హిందూపురం హోటలాయన గల్లా దగ్గర అదే కుర్చీలో కూర్చుని, "ఇండ్లలో ఉండేవన్నీ గుంజుకోవల్ల, ఒక్కటి ఉండగూడదు" అంటున్నాడు. ఇంటికొకటి అన్నావు కదా అని గుర్తుచేస్తే, "అప్పుడు అట్లంటిమి, ఇప్పుడు ఇట్లంటాండాం. ఏం, తప్పా?" అన్నాడు. తప్పేం లేదు. రిటైరైన అయ్యవారు వినడానికి లేడు, అంతే.

గుమాస్తాను మళ్లీ ఒక్కసారే చూశాను. ఆయన రిటైరయ్యాక, మా చెల్లెలి కూతురి పెండ్లి చీరలకని ధర్మవరం పోయినప్పుడు. మగ్గం ఇంటి అరుగుమీద కూర్చుని తెగిన పట్టుపోగులు ముడి వేస్తున్నాడు. చొక్కా గుండీలు అప్పుడూ మణికట్టుదాకా ఉన్నాయి. నన్ను ఎగాదిగా చూశాడు.

"పందుల ఫైలాయన కొడుకువి కదా. మీ నాయన ఉండాడా?"

"ఉండాడు సార్."

"నంజప్ప?"

ఆ పేరు ఆయన నోట వినేసరికి ఉలిక్కిపడ్డాను. "ఆయనా ఉండాడు. ఇప్పుడు ఇద్దరూ ఒకే బోరు వాడుకుంటాండారు. నీళ్లు లేక కలిసినారు."

"ఇద్దరూ ఉండారు" అన్నాడు, నాతో కాదు, చేతిలో పోగుతో అన్నట్టు. మొహం తేటపడింది.

అడగకుండా ఉండలేకపోయాను. "కావాలనే ఆపినారా సార్?"

"ఆపేదానికి నాకు అధికారం యాడిదప్పా. నిదానంగా చేసినా. అంతే."

అంతటితో వెళ్లిపోయి ఉండొచ్చు. కానీ నాలో విలేకరి ఊరుకోలేదు. "ఆ అంగడాయన?" అన్నాను.

ఆయన చేతులు ఆగాయి. పోగు పక్కన పెట్టాడు. "ఆ ఫైలు నా మీదనే ఉండాది" అన్నాడు చివరికి. "ఆ పొద్దు ఆయప్ప చేతిలో తుపాకీ ఉండింటే బతికేవాడో, ఆ తుపాకీ కూడా వాళ్ల చేతికే పోయిండేదో నాకు తెలీదు. ఆయప్పది నిజమైన భయం. మీ నాయనది కోపం. రెండూ ఒకే రకం కాగితం మీద రాసుకొస్తారు. ఏది ఏదో కనుక్కునేదానికి నా దగ్గర టైము తప్ప ఏముండాది? నువ్వు రాసింది తప్పని నేనెప్పుడూ అనుకోలే."

ఆయనే లేచి, "పా, టీ తాగుదాం. ఇప్పుడు నీది తాగొచ్చు" అన్నాడు. వీధి చివర అంగట్లో నేను ఇప్పించిన టీ సాసర్లో పోసుకుని, చప్పుడు చేస్తూ తాగాడు.

ఇదంతా మొన్న నడవలో నిలబడి తలుచుకుంటూ, నాయనతో అన్నాను. "పెనుకొండ ఆఫీసులో నీ ఫైలు ఆపిన గుమాస్తా పోయినాడంట నాయనా."

నాయనకు గుర్తుపట్టడానికి కాస్త సమయం పట్టింది. "పీటముడాయనా? అయ్యో" అన్నాడు. "నన్ను ఎన్ని మంగళవారాలు తిప్పినాడో."

కుర్చీలో నంజప్ప చిన్నాయన వక్క నమలడం ఆపాడు. "నన్ను శుక్రవారాలు రమ్మంటాండె" అన్నాడు.

నాయన మెల్లగా తల తిప్పాడు. బోర్లా తిప్పి మోచేయి పెట్టుకున్న ఆ రెండో ఫైలు ఎవరిదో నాకు అప్పుడు తెలిసింది.

"నువ్వెందుకు పోయినావురా ఆడికి?" అన్నాడు నాయన.

"నువ్వెందుకు పోయినావో నేనూ అందుకే. పందులకు."

"ఏ పక్కనుంచి వస్తాండె నీకు పందులు?"

"నీ చేను పక్కనుంచే" అన్నాడు చిన్నాయన.

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. నాయనకు ముందు నవ్వొచ్చింది, తర్వాత దగ్గొచ్చింది, దగ్గులో కళ్లనీళ్లొచ్చాయి. కొయ్యమీది తువ్వాలు తీసి నేనే ఇచ్చాను. తుడుచుకుని, నిచ్చెన మీది మనిషితో, "ఆ కొయ్యలు పీకేయప్పా" అన్నాడు.

చిన్నాయన కుర్చీలోంచి లేచి, పంచె దులుపుకుని పెయింటరుతో అన్నాడు.

"ఈడ పని అయినాక మా ఇంటికీ రాప్పా. ఆడ కూడా రెండుండాయి."